పాత కట్టడం నెత్తిన కొత్త అంతస్తులు: ఒకరికి కాదన్నారు, ఒకరికి సరే అన్నారు

(హైదరాబాద్‌లో ఆర్కిటెక్చర్ విద్యార్థులు, యువ ఇంజనీర్ల ముందు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినిపిస్తోందా? చెయ్యెత్తండి. సరే, మైకు కొంచెం దగ్గరికి లాక్కుంటాను.

నన్ను పిలిచినప్పుడు నిర్వాహకులు అడిగింది ఒక్కటే. "సార్, హెరిటేజ్ బిల్డింగు ఉన్న స్థలంలో కొత్తగా కట్టుకోవాలంటే పర్మిషన్ ఎలా తెచ్చుకోవాలో చెప్పండి, మా పిల్లలకి పనికొస్తుంది" అన్నారు. పర్మిషన్ అనగానే మనకేం గుర్తొస్తుంది? ఏ ఆఫీసు, ఏ ఫారం, ఎన్ని కాపీలు, ఎవరి సంతకం. అదంతా చివర్లో చెప్తాను, పెద్దసేపు పట్టదు. ముందు ఒకే ఊళ్లో జరిగిన రెండు సంగతులు చెప్తాను. ఊరు న్యూయార్క్. రెండుచోట్లా పాత భవనం నెత్తిన టవర్ కడతామన్నారు. చట్టం ఒకటే, కమిషన్ ఒకటే. ఒకరికి కాదన్నారు, ఒకరికి సరే అన్నారు. ఎందుకు? ఆ ఎందుకు అన్నది తెలిస్తే ఫారం మీరే నింపుకుంటారు, నా అవసరం ఉండదు.

మొదట చట్టం ఎలా వచ్చిందో రెండు ముక్కల్లో చెప్తాను. న్యూయార్క్‌లో పెన్సిల్వేనియా స్టేషన్ అని ఒక మహా కట్టడం ఉండేది. 1910లో తెరిచారు. రాతి స్తంభాలు, పెద్ద పెద్ద హాళ్లు. 1963 అక్టోబరులో దాన్ని కూలగొట్టడం మొదలుపెట్టారు. ఆపడానికి చట్టం ఏదీ లేదు. రైల్వే కంపెనీ సొంత ఆస్తి, కంపెనీ ఇష్టం. ఆర్కిటెక్టులు ప్లకార్డులు పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డారు, అంతకంటే ఏం చెయ్యగలరు? ఆ దెబ్బకి ఊళ్లో కదలిక వచ్చింది. 1965 ఏప్రిల్‌లో మేయరు రాబర్ట్ వాగ్నర్ ల్యాండ్‌మార్క్స్ చట్టం మీద, అంటే ముఖ్యమైన పాత కట్టడాల్ని కాపాడే చట్టం మీద, సంతకం పెట్టాడు. దాని కింద ల్యాండ్‌మార్క్స్ ప్రిజర్వేషన్ కమిషన్ వచ్చింది. పదకొండుమంది సభ్యులు. వాళ్లలో కనీసం ముగ్గురు ఆర్కిటెక్టులు, ఒక చరిత్రకారుడు, ఒక రియల్ ఎస్టేట్ మనిషి ఉండి తీరాలి. రియల్ ఎస్టేట్ మనిషి కూడా ఎందుకు అని నవ్వకండి. లెక్కలు తెలిసినవాడు ఒకడు బల్ల దగ్గర ఉండాలి కదా. లేకపోతే ఓనరు ఏం చెప్పినా నమ్మాలి, లేదా ఏం చెప్పినా నమ్మకూడదు.

ఇక మొదటి కథ. గ్రాండ్ సెంట్రల్ టెర్మినల్. ఫొటో మీరంతా చూసే ఉంటారు. 1913 ఫిబ్రవరిలో తెరిచారు. 42వ వీధి వైపు ముఖం, మీద గడియారం, దాని చుట్టూ శిల్పాలు. 1967 ఆగస్టులో కమిషన్ దాన్ని ల్యాండ్‌మార్క్‌గా ప్రకటించింది. ఆరు నెలలు తిరక్కుండానే, 1968 జనవరిలో, ఓనరైన రైల్వే కంపెనీ ఒక డెవలపరుతో లీజు రాసుకుంది. ఆ ఓనరు ఎవరనుకున్నారు? పెన్ స్టేషన్‌ని కూలగొట్టిన కంపెనీ, గ్రాండ్ సెంట్రల్ కంపెనీ విలీనమై పెన్ సెంట్రల్ అయ్యాయి. అంటే అదే చెయ్యి ఇక్కడికీ వచ్చిందన్నమాట.

లీజు లెక్క చూడండి. కట్టేటప్పుడు ఏడాదికి 10 లక్షల డాలర్లు. కట్టాక ఏడాదికి కనీసం 30 లక్షల డాలర్లు. అందులోంచి స్టేషన్‌లో పోయే దుకాణాల అద్దె తీసేస్తే ఒక 7 నుంచి 10 లక్షలు తగ్గుతాయి, అంతే. రైల్వేలు అప్పటికే నష్టాల్లో ఉన్నాయి. 1970లో ఆ కంపెనీ దివాలా తీసింది కూడా. కాబట్టి వాళ్లని ఊరికే దుర్మార్గులుగా చూడకండి. డబ్బు అవసరం నిజం. మన ఊళ్లో పాత దేవిడీ ఓనరు వచ్చి "సార్, ఇంటి పన్ను కట్టడానికి కూడా రావట్లేదు" అంటాడు చూడండి, అదే బాధ. కాకపోతే కొంచెం పెద్ద సైజులో.

డిజైన్ ఎవరు చేశారు? మార్సెల్ బ్రాయర్. చిన్న పేరు కాదు. జర్మనీలోని బౌహౌస్ అనే డిజైన్ బడి నుంచి వచ్చినవాడు, మీ పాఠాల్లో ఆయన కుర్చీ ఉంటుంది. ఆయన రెండు ప్లాన్లు ఇచ్చాడు. మొదటి ప్లానులో స్టేషను ముఖాన్ని ముట్టుకోరు. దాని పైకప్పు మీదుగా 55 అంతస్తుల ఆఫీసు టవర్ లేస్తుంది. రెండో ప్లానులో 53 అంతస్తులు, కానీ 42వ వీధి వైపు ముఖం కొంత తీసేస్తారు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఈ రెండిట్లో ఏది మేలు? మొదటిది, ముట్టుకోలేదు కాబట్టి మేలంటారా? ఎంతమంది? చాలామందే ఉన్నారు. సరే, కమిషన్ ఏమందో చూద్దాం.

న్యూయార్క్‌లో ఓనరు వెళ్లి తట్టగలిగే తలుపులు మూడు. మొదటిది, మా పని వల్ల బయటి రూపానికి ఏ మార్పూ రాదు అనే సర్టిఫికెట్. రెండోది, మార్పు వస్తుంది కానీ ఈ కట్టడానికి తగినట్టే ఉంటుంది అనే సర్టిఫికెట్. ఇంగ్లీషులో సర్టిఫికెట్ ఆఫ్ అప్రోప్రియేట్‌నెస్ అంటారు. దీనికి బహిరంగ విచారణ తప్పనిసరి. మూడోది కష్టాల దరఖాస్తు. ఈ ఆస్తి మీద నాకు న్యాయమైన ఆదాయం రావట్లేదు, లెక్కలు ఇవిగో అని చూపించుకోవడం. పెన్ సెంట్రల్ మొదటి తలుపు తట్టింది. స్టేషను మీద 55 అంతస్తులు పెట్టి, బయటి రూపం మారదని అడగడం! ధైర్యాన్ని మెచ్చుకోవాలి. 1968 సెప్టెంబరులో కాదన్నారు. అప్పుడు రెండో తలుపు తట్టారు. నాలుగు రోజులు విచారణ జరిగింది. ఎనభై మందికి పైగా సాక్షులు మాట్లాడారు. 1969 ఆగస్టులో రెండు ప్లాన్లనీ తిప్పి కొట్టారు.

ఏమని తిప్పి కొట్టారో వినండి, ఈ రోజు నేను చెప్పేదాంట్లో ముఖ్యమైనది ఇదే. ముఖాన్ని కూల్చే ప్లాను గురించి ఒక్క ముక్కలో తేల్చేశారు. ల్యాండ్‌మార్క్‌ని కాపాడాలంటే దాన్ని పడగొట్టరు కదా అన్నారు. మొదటి ప్లాను గురించే ఎక్కువ రాశారు. ప్రకటించిన కట్టడాలకి చేర్పులు చెయ్యకూడదని మాకు స్థిరమైన నియమం ఏదీ లేదు, అది ఎలా చేస్తారన్న దాన్ని బట్టి ఉంటుంది అన్నారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం. కానీ ఇంత అలంకారంతో ఉన్న ముఖం మీద 55 అంతస్తుల టవర్‌ని నిలబెట్టడం సౌందర్యం పేరుతో వేళాకోళం చెయ్యడమే అన్నారు. చేర్పు అని మీరంటున్నది అసలు కట్టడానికి నాలుగింతల ఎత్తుంది, అది వచ్చాక స్టేషను ఒక వింత వస్తువుగా మిగులుతుంది అన్నారు. చేర్పు అనే మాటకి వాళ్లు కొటేషన్ గుర్తులు పెట్టారు. ప్రభుత్వ కాగితంలో వెటకారం ఎంత అరుదో మీకు తెలుసు కదా!

ముట్టుకోకపోతే చాలనుకున్నవాళ్లు ఇప్పుడేమంటారు? ఇటుక కూడా కదలకుండా భవనాన్ని చంపెయ్యొచ్చని కమిషన్ వాదన. నేనూ దానికే ఓటేస్తాను.

తర్వాత పదేళ్లు కోర్టులు. తొందరగా చెప్పేస్తాను. కంపెనీ కేసు వేసింది. మీరు మా ఆకాశాన్ని లాక్కున్నారు, పరిహారం ఇవ్వండి అంది. 1975 జనవరిలో కింది కోర్టులో కంపెనీ గెలిచింది. అప్పుడు న్యూయార్క్ నగరం చేతిలో చిల్లిగవ్వ లేదు, అప్పీలుకి వెళ్లాలా వద్దా అని మేయరు ఊగిసలాడుతున్నాడు. ఒకప్పటి అధ్యక్షుడు కెనెడీ భార్య జాక్వెలిన్ కెనెడీ ఒనాసిస్ ఆయనకి ఉత్తరం రాసింది, ఆర్కిటెక్ట్ ఫిలిప్ జాన్సన్ లాంటివాళ్లతో కలిసి స్టేషన్‌లోనే ప్రెస్‌మీట్ పెట్టింది. నగరం అప్పీలు చేసింది, గెలిచింది. చివరికి అమెరికా సుప్రీంకోర్టు. 1978 ఏప్రిల్‌లో వాదనల ముందు రోజు జనం ఒక రైలు కట్టుకుని వాషింగ్టన్ వెళ్లారు. రైలు పేరు ల్యాండ్‌మార్క్ ఎక్స్‌ప్రెస్. జూన్ 26న తీర్పు వచ్చింది. ఆరుగురు నగరం వైపు, ముగ్గురు కంపెనీ వైపు. తీర్పు రాసినవాడు జస్టిస్ బ్రెన్నన్. అప్పటికి అమెరికాలో మొత్తం 50 రాష్ట్రాలూ, 500కి పైగా పురపాలికలూ ఇలాంటి చట్టాలు చేసుకుని ఉన్నాయి. ఆ తీర్పు తిరగబడి ఉంటే అవన్నీ ప్రమాదంలో పడేవి.

ఈ కథలో అందరూ చెప్పుకునేది జాక్వెలిన్ గురించి. ఫొటోలు బాగుంటాయి కాబట్టి. మీరు మాత్రం తీర్పులో ఒక చిన్న భాగం చదవండి. బ్రెన్నన్ ఏమన్నాడంటే, ఈ స్టేషను మీద అసలేదీ కట్టనివ్వమని కమిషన్ ఎప్పుడూ అనలేదు, 50 అంతస్తులు దాటిన ఈ రెండు ప్లాన్లని మాత్రమే కాదంది, కంపెనీ అంతకంటే చిన్న కట్టడానికి అనుమతి అడగనే లేదు అన్నాడు. అడగనే లేదు! ఇంకో సంగతి తెలుసా? స్టేషను కట్టినప్పుడే దాని మీద 20 అంతస్తుల టవర్ నిలబడేలా పునాదులు వేశారు. ఇది కూడా తీర్పులోనే ఉంది. పునాది ఉంది, కమిషన్ తలుపు మూసెయ్యలేదు, మరి చిన్న ప్లాను పట్టుకుని వాళ్లెందుకు వెళ్లలేదు? లాయర్ల చేతికి వెళ్లాక డ్రాయింగ్ బోర్డు దగ్గరికి తిరిగి రావడం కష్టం. ఇది నా అభిప్రాయం, తీర్పులో లేదు.

కోర్టు ఇంకొకటి కూడా చూసింది. స్టేషను మీద వాడుకోలేని ఎత్తుని కంపెనీ తన దగ్గర్లోని వేరే స్థలాలకి మార్చుకోవచ్చు. దాన్నే ఎయిర్ రైట్స్ అంటారు, మనం టీడీఆర్ అంటాం. తన చేనుకి వచ్చే కాలవ నీటి వాటాని ఈ ఏడు పక్క చేనుకి మళ్లించుకున్నట్టు. అప్పట్లో ఆ చుట్టుపక్కల బిల్ట్‌మోర్, కమొడోర్, రూజ్‌వెల్ట్ హోటళ్లు ఉన్న స్థలాలు ఆ కంపెనీవే. కాబట్టి నష్టం మొత్తం ఓనరు నెత్తిన పడలేదు అంది కోర్టు. దీని గురించి చివర్లో ఎవరో ఒకరు అడుగుతారని నాకు తెలుసు. అప్పుడు మాట్లాడుకుందాం.

ఇప్పుడు రెండో కథ. హర్స్ట్ టవర్. ఎనిమిదో అవెన్యూ, 57వ వీధి. పత్రికాధిపతి విలియం రాండాల్ఫ్ హర్స్ట్ 1928లో అక్కడ ఆరంతస్తుల భవనం కట్టించాడు. డిజైన్ జోసెఫ్ అర్బన్. మూలల్లో పొడవాటి స్తంభాలు, వాటి దగ్గర బొమ్మలు, నాటకాల రంగస్థలంలా ఉంటుంది. ఆయన నిజంగానే రంగస్థలాలు డిజైన్ చేసేవాడు కూడా. దాని మీద తర్వాత టవర్ వేద్దామనుకున్నారు. మాంద్యం వచ్చింది, టవర్ రాలేదు. ఆరంతస్తులు అలా మొండిగా ఉండిపోయాయి. 1988లో ల్యాండ్‌మార్క్ అయింది. 2001 నవంబరులో కమిషన్ దాని మీద బ్రిటిష్ ఆర్కిటెక్ట్ నార్మన్ ఫాస్టర్ గీసిన టవర్‌కి అనుమతి ఇచ్చింది. 2006లో పూర్తయింది. మొత్తం 46 అంతస్తులు.

ఆగండి, ఆగండి. అక్కడ నాలుగింతలు ఎత్తని కాదన్నారు. ఇక్కడ ఆరంతస్తుల మీద నలభై వేస్తే సరే అన్నారా? ఇది అన్యాయం కదా? పెద్ద పేరున్న ఆర్కిటెక్ట్ అని ఇచ్చారా? బ్రాయర్ పేరు చిన్నదా? కాదు. మరి?

నాకు అర్థమైనంతలో చెప్తాను. హర్స్ట్ భవనం పుట్టుకలోనే టవర్ ఉంది. అది పీఠంగా పుట్టింది. మీద ఏదో ఒకటి రావాలని దాన్ని చూసిన ఎవరికైనా అనిపిస్తుంది. గ్రాండ్ సెంట్రల్ కింద కూడా పునాది ఉంది కదా అంటారేమో. ఉంది, భూమి లోపల. ముఖం చూస్తే మాత్రం ఆ కట్టడం అక్కడితో ముగిసిపోయింది. శిల్పాలు, గడియారం, దాని పైన ఆకాశం. ఆ ముఖానికి పైన ఆకాశమే చివరి అంతస్తు. కమిషన్ చూసేది పునాది బలం కాదు, వీధిలో నిలబడ్డ మనిషికి కనిపించేది.

రెండోది, కొత్తదీ పాతదీ కలిసే చోటు. ఫాస్టర్ టవర్ పాత గోడల మీద కూర్చోదు. గోడల నుంచి లోపలికి జరిగి లేస్తుంది. పాత గోడ పైఅంచుకీ కొత్త టవర్‌కీ మధ్య చుట్టూ అద్దాల పట్టీ ఉంటుంది, లోపలి పెద్ద హాలులోకి వెలుతురు దిగుతుంది. కింద నుంచి చూస్తే ఏది 1928, ఏది 2006 అని చిన్నపిల్లాడు కూడా చెప్తాడు. టవర్ త్రికోణాల ఉక్కు చట్రం, మామూలు పద్ధతి కంటే సుమారు 20 శాతం తక్కువ ఉక్కు పట్టిందని చెప్తారు. పాతదాన్ని అనుకరించే ప్రయత్నమే లేదు. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల్లో కూడా ఇదే ఉంటుంది. కొత్త చేర్పు పాతదాని నుంచి వేరుగా తెలియాలి, అయినా దాని పరిమాణానికి, రూపానికి పొందికగా ఉండాలి. రేపు కొత్తదాన్ని తీసేసినా పాతది చెక్కుచెదరకుండా మిగలాలి. మనవాళ్లకి ఇది మింగుడుపడదు. మనకి హెరిటేజ్ అంటే కొత్త గోడకి కూడా సిమెంటుతో రెండు ఆర్చిలు, నాలుగు మినార్లు పెట్టడం. దయచేసి ఆ పని చెయ్యకండి. దాన్ని చూసి ఎవరూ మోసపోరు, పాతది మాత్రం పలచబడిపోతుంది.

హర్స్ట్ విషయంలో నాకు ఒక అసంతృప్తి ఉంది, దాచను. లోపల పాత అంతస్తులన్నీ తీసేశారు. నాలుగు పక్కలా గోడలు మిగిలాయి. చర్మం ఉంచి లోపలిది తీసేశారని విమర్శించినవాళ్లు ఉన్నారు, వాళ్ల మాట పూర్తిగా తప్పనను. కానీ అక్కడ ల్యాండ్‌మార్క్ హోదా ఉన్నది బయటి రూపానికి. లోపలి భాగాలకి వేరే ప్రకటన కావాలి. అందుకే దరఖాస్తు రాసే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న, కాపాడమన్నది దేన్ని? ముఖాన్నా, పైకప్పునా, లోపలి మెట్లనా, చుట్టూ ఉన్న ఖాళీనా? ప్రకటన కాగితం చదవకుండా ప్లాను గీసేవాళ్లని ఎంతోమందిని చూశాను.

అసలు ఆ విచారణ ఎలా ఉంటుందో చెప్పనా? నేనక్కడ ఉద్యోగం చేసిన రోజుల్లో వెళ్లి వెనక కూర్చునేవాణ్ణి. ఎవరైనా వెళ్లొచ్చు. మామూలుగా మంగళవారాలు. అంతకంటే ముందే ఆ పేటలోని కమ్యూనిటీ బోర్డుకి ప్లాను చూపించాలి. వాళ్లది సలహా మాత్రమే, కానీ వాళ్లు కోప్పడితే ఆ సంగతి కమిషన్‌కి తెలుస్తుంది. విచారణలో ఆర్కిటెక్ట్ లేచి బొమ్మలు చూపిస్తాడు. తర్వాత జనం. పక్కింటావిడ లేస్తుంది, మా కిటికీకి వెలుతురు పోతుంది అంటుంది. అది కమిషన్ పరిధిలోది కాదని ఓపిగ్గా చెప్తారు. పాత కట్టడాల సంఘం మనిషి లేస్తాడు, ఇటుక రంగు గురించి మాట్లాడతాడు. కిటికీ చట్రం మందం గురించి కమిషనర్లు తర్జనభర్జన పడతారు. నాకు మొదట్లో విసుగొచ్చేది. కిటికీ చట్రం గురించి ఇంతసేపా అని. తర్వాత అలవాటైంది, ఆ తర్వాత అదే బాగా నచ్చింది. చాలాసార్లు ఆ రోజు ఓటే వెయ్యరు. ఎత్తు తగ్గించండి, వెనక్కి జరపండి, మళ్లీ రండి అంటారు. ఆర్కిటెక్ట్ మొహం వేలాడేసుకుని వెళ్తాడు, కొన్ని వారాలకి మళ్లీ వస్తాడు. రెండోసారి ప్లాను దాదాపు ఎప్పుడూ మెరుగ్గానే ఉంటుంది.

ఇంకొకటి. ఇది మీకు తప్పకుండా చెప్పాలి. పాత ఇంటి మీద ఒక అంతస్తు వెయ్యాలనుకోండి. కంప్యూటర్ బొమ్మలో ఎప్పుడూ బాగానే ఉంటుంది, ఎందుకంటే కెమెరా ఎక్కడ పెట్టాలో మీరే నిర్ణయిస్తారు. అందుకని అక్కడ ఏం చేయిస్తారంటే, పైకప్పు మీద కర్రలో పైపులో నిలబెట్టి, కొత్త అంతస్తు ఎంత ఎత్తు, ఎంత వెడల్పు ఉంటుందో అంత మేరకి నారింజ రంగు వల కట్టిస్తారు. తర్వాత కిందికి దిగి, ఎదురు ఫుట్‌పాత్ మీద నుంచి, వీధి మూల నుంచి, ఇంకా అవతల నుంచి ఫొటోలు తీస్తారు. నారింజ రంగు కనిపించిందా, కొత్త అంతస్తు కనిపిస్తుందన్నమాట. కనిపించకపోతే, లేదా ఏదో కొంచెం తొంగి చూస్తే, చాలా సందర్భాల్లో విచారణ దాకా పోకుండా సిబ్బంది స్థాయిలోనే అనుమతి అయిపోతుంది. ఎంత ఖర్చు దానికి? నాలుగు కర్రలు, ఒక వల. మన జీహెచ్‌ఎంసీలో వద్దన్నవాళ్లెవరు? చట్టం అడక్కపోయినా మీరు చెయ్యొచ్చు. ఓనరుకి కూడా అప్పుడే మొదటిసారి అర్థమవుతుంది తను ఏం అడుగుతున్నాడో.

సరే, మన దగ్గరికి వద్దాం. మన కేంద్ర చట్టం, 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం, దానికి 2010 సవరణ. దీని పద్ధతి పూర్తిగా వేరు. ఇది టేపు పట్టుకుని కొలుస్తుంది. రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం. ఆ తర్వాత ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. 1992 జూన్ 16 నోటిఫికేషన్‌తో వచ్చిన ఈ గీతల్ని 2010 సవరణ చట్టంలోకి ఎక్కించింది. 100 మీటర్లు ఎక్కణ్ణుంచి కొలవాలి? చార్మినార్ గోడ నుంచా? ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. రక్షిత ప్రాంతం హద్దు నుంచి కొలవాలి. కట్టడం చుట్టూ ఆవరణ రక్షితమైతే ఆ ఆవరణ అంచు నుంచి లెక్క. స్థలం కొనేముందు ఆ హద్దు ఎక్కడుందో చూడండి.

నిషిద్ధ ప్రాంతంలో కొత్త నిర్మాణం అడగడానికే లేదు. మీ డిజైన్ ఎంత గొప్పదైనా సరే. ప్రభుత్వమే ప్రజాప్రయోజనం కోసం కడతానన్నా లేదు. 1992 జూన్ 16కి ముందే ఉన్న ఇల్లయితే మరమ్మతుకి అడగొచ్చు. గోల్కొండ కోట లోపలికి వెళ్లి చూడండి, ఖిలా వరంగల్ వెళ్లి చూడండి. కోటగోడల మధ్య తరతరాలుగా కాపురాలు ఉన్నాయి. వానాకాలం స్లాబు కారుతుంటే బాగుచేయించుకోవడానికి కూడా వాళ్లు దరఖాస్తు పెట్టుకోవాలి. కొడుక్కి పెళ్లయింది, పైన ఒక గది వేసుకుందామంటే కుదరదు. ఆ మనిషికి కోట మీద ప్రేమ ఎలా ఉంటుంది చెప్పండి? అటు 301వ మీటరులో మాత్రం ఈ చట్టం ఒక్క మాట మాట్లాడదు. అక్కడ కోటని మింగేసేంత ఎత్తు కట్టినా దీనికి పట్టదు. ఎలా కడతారన్నదాన్ని బట్టి ఉంటుంది అని న్యూయార్క్ అన్న మాట ఉంది చూశారా, నిషిద్ధ ప్రాంతంలో మన చట్టం ఆ మాటే అనదు.

అయితే టేపు చట్టాన్ని తీసిపారెయ్యను. అవినీతికి, ఒత్తిడికి లొంగని గుణం దానికి ఉంది. మీటర్లతో బేరమాడలేరు. విచారణ పద్ధతి రావాలంటే విచారించేవాళ్ల మీద నమ్మకం ఉండాలి, ఆ నమ్మకం మనకి ఇంకా లేదు. కావాలంటే హైదరాబాద్ సంగతే చూడండి. 1995లో అప్పటి మన నగరాభివృద్ధి సంస్థ హుడా నిబంధనల్లోకి 13వ నిబంధన వచ్చింది. హెరిటేజ్ జాబితా, హెరిటేజ్ కన్జర్వేషన్ కమిటీ, అనుమతి అడిగే పద్ధతి. దేశంలో ఇలాంటివి తెచ్చిన తొలి నగరాల్లో మనదొకటి. 2015 డిసెంబరులో దాన్ని తీసేశారు. 2017లో తెలంగాణ హెరిటేజ్ చట్టం వచ్చింది. ఆ తర్వాత 2019లో ఎర్రమంజిల్. నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ 1870 ప్రాంతంలో కట్టించిన ప్యాలెస్. దాన్ని తీసేసి అక్కడ కొత్త అసెంబ్లీ కట్టాలని రాష్ట్ర క్యాబినెట్ నిర్ణయించింది. జనం హైకోర్టుకి వెళ్లారు. 13వ నిబంధన పోయింది కాబట్టి ఇక రక్షణ లేదని ప్రభుత్వ వాదన. 2019 సెప్టెంబరు 16న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. అడిగే దారిని మూసేస్తే ఏమవుతుందో చూశారా? ప్రతిదీ కోర్టు మెట్ల దగ్గరే తేలాలి. ఓనరుకీ నష్టమే, భవనానికీ నష్టమే.

ఇక మాటిచ్చినట్టు ఫారం సంగతి. మీ స్థలం నియంత్రిత ప్రాంతంలో ఉందనుకోండి. దరఖాస్తు కాంపిటెంట్ అథారిటీకి, అంటే ఈ అనుమతుల కోసం నియమించిన అధికారికి, వెళ్తుంది. వాళ్లు 15 రోజుల్లో ఢిల్లీలోని నేషనల్ మాన్యుమెంట్స్ అథారిటీకి పంపాలి. అథారిటీ రెండు నెలల్లో తన సిఫారసు చెప్పాలి, ఆ పైన నెలలో కాంపిటెంట్ అథారిటీ మీకు ఔననో కాదనో తేల్చాలి. కాగితం మీద గడువులివి. ఓనరుకి మాత్రం ఇంకొంచెం ఎక్కువే చెప్పి ఉంచండి, టెన్షన్ తగ్గుతుంది. ఎత్తు రాసేటప్పుడు మెట్ల గది, పిట్టగోడ, నీళ్ల ట్యాంకు అన్నీ కలిపి రాయండి. ఎన్‌ఓసీలో, అంటే అభ్యంతరం లేదని వాళ్లిచ్చే కాగితంలో, వచ్చే ఎత్తు అన్నీ కలిపిన ఎత్తే. స్లాబు వరకు రాసి, తర్వాత ట్యాంకు ఎక్కించి, నోటీసు తెచ్చుకున్నవాళ్లున్నారు. అనుమతి లేకుండా కడితే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని చట్టంలో ఉంది.

ఫైలులో ఇంకేం పెట్టాలి? చట్టం అడిగినవి ఎలాగూ పెడతారు. కట్టడం దగ్గర నిలబడి మీ స్థలం వైపు తీసిన ఫొటో ఒకటి, మీ స్థలం నుంచి కట్టడం వైపు తీసింది ఒకటి పెట్టండి. రెంటిలోనూ మీ భవనం ఎంత లేస్తుందో గీత గీసి చూపించండి. ఓనరు ఐదంతస్తులు అడిగితే మూడంతస్తుల ప్లాను కూడా బ్యాగులో ఉంచుకోండి. అదే పెన్ సెంట్రల్ చెయ్యని పని.

ప్రశ్నలా? ఆ, నీలం చొక్కా బాబూ, చెప్పు. గట్టిగా. "టీడీఆర్ ఇస్తే ఓనర్లు ఒప్పుకుంటారా" అంటున్నాడు. నేననుకున్నా ఎవరో ఒకరు అడుగుతారని. బాబూ, టీడీఆర్ కాగితానికి విలువ రావాలంటే దాన్ని దింపుకునే స్థలం దగ్గర్లో ఉండాలి, కొనేవాడు ఉండాలి. గ్రాండ్ సెంట్రల్ హక్కుల్లో పెద్ద భాగం ఏళ్ల తరబడి అలాగే పడి ఉంది. 1989లో ఒక డెవలపరు వాటిని కొంచెం దూరంగా, మాడిసన్ అవెన్యూలోని స్థలానికి తీసుకెళ్తానన్నాడు. భూమి కింద రైలు పట్టాలు ఆ స్థలం దాకా ఉన్నాయి కాబట్టి రెండూ ఒకటే ఆస్తి అని వాదించాడు. నగరం ఒప్పుకోలేదు. 2017లో ఆ ప్రాంతపు జోనింగ్ మార్చి, ల్యాండ్‌మార్క్‌ల హక్కుల్ని ఇంకా దూరం అమ్ముకోనిచ్చాకే వాటికి గిరాకీ బాగా పెరిగింది. జేపీ మోర్గాన్ బ్యాంకు పార్క్ అవెన్యూలో కట్టిన కొత్త టవర్‌కి గ్రాండ్ సెంట్రల్ హక్కులు కొన్నది. ఈలోగా స్టేషను పక్కనే, రోడ్డు దాటితే, 2020లో వన్ వాండర్‌బిల్ట్ లేచింది, 1,401 అడుగులు. అంటే స్టేషను మీద వద్దన్న ఎత్తు కంటే చాలా ఎక్కువే పక్కన వచ్చింది. దానికి బదులుగా నగరం ఆ డెవలపరు చేత సబ్‌వే స్టేషన్ పనులకి 22 కోట్ల డాలర్లు పెట్టించింది. ఇది న్యాయమా అంటే, నాకైతే సగం న్యాయం అనిపిస్తుంది. స్టేషను ముఖం మిగిలింది, దాని ఆకాశం చాలావరకు అమ్ముడైపోయింది.

ఇంకెవరైనా? అమ్మా, మీరు. మరమ్మతు గురించా? అది ఇంకో గంట పడుతుంది. టీ వచ్చింది, అక్కడ మాట్లాడుకుందాం రండి.